కమారో కొననా, మస్టాంగ్ కొననా? మా ఆవిడ ప్లాటు కొనమంటోంది

మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ హిల్స్ నుంచి ఒకాయన నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పదకొండు ఫొటోలు జతచేశారు. పేరు వద్దన్నారు. సంగతి క్లుప్తంగా ఇది.

ఆయనకి 53 ఏళ్లు. 1999లో ఉద్యోగానికి అమెరికా వచ్చారు. వాళ్ల నాన్నగారికి విజయవాడ ఆటోనగర్‌లో లారీ ఇంజన్లు బాగుచేసే షెడ్డు ఉండేది. ‘స్టార్ట్ చేస్తే చాలు, టీ తాగుతూ కూర్చున్నచోటు నుంచే ఏ ట్యాపెట్ (ఇంజన్ వాల్వుల్ని కదిలించే భాగం) వదులైందో చెప్పేవారు’ అని రాశారు. ఈయన వచ్చిన మొదటి ఆగస్టులోనే ఆఫీసులో ఒకతను వుడ్‌వర్డ్ అవెన్యూలో పాత కార్ల జాతరకి తీసుకెళ్లి తన కమారోలో ఎక్కించుకున్నాడట. అప్పటి నుంచీ ఒక పాత కారు కొనాలని కోరిక. ఇప్పుడు రెండు కార్లు చూసిపెట్టుకున్నారు.

ఒకటి 1969 షెవర్లే కమారో జడ్/28. ముదురు ఆకుపచ్చ రంగు. అడుగుతున్నది 63,000 డాలర్లు. అమ్మే మనిషి ‘నంబర్స్ మ్యాచింగ్’ (కారుతో పాటు వచ్చిన ఒరిజినల్ ఇంజనే, నంబర్లు కలుస్తాయి) అంటున్నాడు గానీ, కాగితాలు మాత్రం పాత ఓనరు ఇంట్లోకి నీళ్లొచ్చినప్పుడు పోయాయట. రెండోది 1970 ఫోర్డ్ మస్టాంగ్ బాస్ 302. పసుపు రంగు, 74,000 డాలర్లు. దీనికి మార్టి రిపోర్టు (ఫోర్డ్ ఉత్పత్తి రికార్డుల నుంచి తీసిచ్చే కారు వివరాలు) ఉంది. కానీ ఇంజన్ బ్లాకు (సిలిండర్లుండే పెద్ద ఇనుప దిమ్మ) ఒరిజినల్ కాదు, కారు కొత్తలోనే వారంటీ కింద మార్చారని చెబుతున్నారు.

చేతిలో 40,000 ఉంది. మిగతాది ఇంటి మీద లోను తీద్దామని ఆలోచన. కూతురు కాలేజీ రెండో ఏడాది. భార్య మాత్రం షాద్‌నగర్ దగ్గర వాళ్ల చెల్లెలు కొన్న వెంచర్‌లోనే ఒక ప్లాటు తీసుకుందామంటున్నారు. ‘ఇదీ ఇన్వెస్ట్‌మెంటే, రేటు పెరుగుతుంది అని చెప్పాను. నా మొహం చూసి నవ్వింది’ అని రాశారు. ఆయన అడిగినవి మూడు. రెండిట్లో ఏది స్పీడు? ఏది రేటు పెరుగుతుంది? ఆవిడకి ఏం చెప్పాలి?

*

స్పీడు సంగతి మొదట తేల్చేస్తానండీ, మూడిట్లో అదే తేలిక.

ఈ రెండు కార్లూ ఒకే పందెం కోసం పుట్టాయి. అప్పటి ట్రాన్స్-యామ్ రేసుల్లో ఇంజన్ 5 లీటర్లు, అంటే 305 ఘనపుటంగుళాలు దాటకూడదని రూలు. షెవర్లే వాళ్లు 327 ఘనపుటంగుళాల ఇంజన్ బ్లాకులో 283 ఇంజన్ క్రాంకు (పిస్టన్లు తిప్పే ఇరుసు) దించి 302 చేశారు. ఫోర్డ్ వాళ్లూ తిరిగి తిరిగి అదే కొలతకి వచ్చారు. బోరు (సిలిండర్ వెడల్పు) 4 అంగుళాలు, స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 3 అంగుళాలు. రేసులో దింపాలంటే అలాంటి కారు జనానికీ అమ్మాలి కాబట్టి ఇవి షోరూముల్లోకి వచ్చాయి. కంపెనీ కాగితాల్లో రెండిటికీ 290 హార్స్‌పవర్, టార్కు కూడా రెండిటికీ 290. పక్కపక్క బెంచీల్లో కూర్చుని పరీక్ష రాసిన ఇద్దరికి అన్ని సబ్జెక్టుల్లో ఒకే మార్కులు వచ్చినట్టు లేదూ? రెండు కంపెనీలూ తగ్గించే రాశాయని అప్పటి నుంచీ అందరూ అనుకునేదే.

రేసుల్లో చూస్తే 1968, 1969 రెండేళ్లూ రోజర్ పెన్స్కీ టీమ్ కమారోలతో, మార్క్ డొనహ్యూ చేతిలో, షెవర్లే గెలిచింది. 1970లో బడ్ మూర్ టీమ్, పార్నెల్లీ జోన్స్ బాస్ 302లతో ఆ టైటిల్ లాక్కున్నారు. రోడ్డు మీద పావు మైలు రెండూ 15 సెకన్లకి అటూ ఇటూగా పరుగెడతాయి. 4,000 ఆర్‌పీఎం లోపు రెండూ మొద్దుగానే ఉంటాయి, ఆ పైన పూనకం వస్తుంది. బాస్‌కైతే ఆ పూనకంలో ఎవరూ ఇంజన్ పగలగొట్టుకోకుండా ఫ్యాక్టరీయే రెవ్ లిమిటర్ పెట్టి పంపింది. మలుపుల్లో నాకు బాస్ కాస్త ఎక్కువ నచ్చింది. అంతకు మించి తేడా చెప్పేవాళ్లు తమ దగ్గర ఏ కారు ఉందో దాన్ని బట్టి చెబుతున్నట్టే.

ఇంకో మాట. మీ ఇంట్లో కేమ్రీ వి6 ఉందని రాశారు. అది సున్నా నుంచి 60 మైళ్లకి ఆరు సెకన్లలో వెళ్లిపోతుంది. ఈ రెండిటికీ ఏడు దాకా పడుతుంది. సిగ్నల్ దగ్గర మీ ఆవిడ చల్లగా ఏసీ వేసుకుని, పాటలు వింటూ మిమ్మల్ని దాటి పోతారు. కాబట్టి స్పీడు కోసమైతే రెండూ వద్దు.

ఇక రేటు. దీనికి మీ తొమ్మిదో ఫొటోతో మొదలుపెట్టాలి.

ఆ ఫొటోలో కమారో బానెట్ ఎత్తి ఉంది. డ్రైవర్ వైపు ఫైర్‌వాల్ (ఇంజన్‌కీ సీట్లకీ మధ్య అడ్డు రేకు) మీద రెండు రివెట్లతో బిగించిన చిన్న రేకు ట్యాగు కనిపిస్తోంది. ‘ఏవో అంకెలు ఉన్నాయి, పనికొస్తాయేమోనని తీశాను’ అని రాశారు. బంగారం లాంటి పని చేశారు. ఫొటో పెద్దది చేసి చూశాను. 04సి అని ఉంది, అంటే 1969 ఏప్రిల్ మూడో వారం. విన్ నంబర్లో (కారు గుర్తింపు నంబర్లో) ‘ఎన్’ ఉంది కాబట్టి ఒహాయోలోని నార్‌వుడ్ ఫ్యాక్టరీ బండి. ట్యాగులో కింద ఎక్స్ 11 అని ఉంది. 1968 డిసెంబర్ నుంచి నార్‌వుడ్ వాళ్లు ఏ బండిలో ఏ ప్యాకేజీ ఉందో తెలిసేలా ఈ ఎక్స్ నంబర్లు కొట్టేవారు. జడ్/28కి ఎక్స్ 33 గానీ ఎక్స్ 77 గానీ ఉండాలి. ఎక్స్ 11 అంటే బయట కాస్త అలంకారం చేసిన మామూలు కమారో, లేదంటే 350 ఇంజన్ ఉన్న ఎస్ఎస్ (సూపర్ స్పోర్ట్) రకం. జడ్/28 మాత్రం కాదు.

‘ట్యాగు ఎవరో మార్చి ఉండొచ్చుగా’ అని అమ్మే మనిషి అనొచ్చు. మారుస్తారు, నిజమే. కానీ జనం ఎక్స్ 11 పీకి ఎక్స్ 33 పెడతారు. ఎక్స్ 33 పీకి ఎక్స్ 11 పెట్టేవాడిని ఈ ఇరవై ఏళ్లలో నేను చూడలేదు.

ఇలాంటివి ఎందుకు జరుగుతాయంటే, 1969 కమారో విన్ నంబరు అది జడ్/28 అని చెప్పదు. ఆరు సిలిండర్లా, వి8 ఆ అన్నది మాత్రమే చెబుతుంది. ఆ ఏడాది జడ్/28లు 20 వేల చిల్లర చేశారు. మొత్తం కమారోలు రెండు లక్షల నలభై వేల పైచిలుకు. గీతలు, బ్యాడ్జీలు, స్పాయిలర్, అన్నీ కొత్తవి కొనుక్కోవచ్చు. అందుకే ఫ్యాక్టరీలో పుట్టిన వాటికంటే ఇంటి వెనక షెడ్లలో పుట్టిన జడ్/28లు ఎక్కువేమో అని ఇక్కడి వాళ్లు జోకులేస్తుంటారు.

నాకూ ఒకసారి తగిలింది. 2006లో, ఈ కార్ల రేట్లు ఆకాశంలో ఉన్నప్పుడు, ఒక డీలర్ దగ్గర 1968 కమారో ఎస్ఎస్ అని కొన్నాను. రెండేళ్ల తర్వాత అమ్మబోతే, కొనడానికి వచ్చిన పెద్దాయన పది నిమిషాలు కిందకి వంగి చూసి, లేచి, మోకాళ్లు దులుపుకుని, ‘బాబూ, మంచి కారే, కానీ ఎస్ఎస్ కాదు’ అన్నాడు. అప్పటికే 2008 వచ్చి మార్కెట్ పడిపోయింది. రెండు దెబ్బలూ ఒకేసారి తిన్నాను.

మీరు షాద్‌నగర్ ప్లాటు కొనాలనుకుంటే ఏం చేస్తారు? ఈసీ తీయిస్తారు, లింకు డాక్యుమెంట్లు అడుగుతారు. ‘కాగితాలు వరదల్లో పోయాయండీ, నన్ను నమ్మండి’ అంటే అక్కడే కారెక్కి వెనక్కి వచ్చేస్తారు. ఇక్కడ మాత్రం 63,000 పట్టుకుని నిలబడ్డారు.

అయినా కమారో మీద ఇంకా ఆశ ఉంటే మళ్లీ వెళ్లి ఒక్క చోటు చూడండి. ఇంజన్ ముందు భాగంలో, ప్యాసింజర్ వైపు హెడ్డుకి ముందు, బ్లాకు మీద వేలెడు పొడవు చదునైన చోటు ఉంటుంది. గ్రీజు పట్టి ఉంటుంది కాబట్టి గుడ్డ మీద బ్రేక్ క్లీనర్ కొట్టి తుడవండి. టార్చ్ నిటారుగా కాకుండా పక్క నుంచి, బాగా కిందకి పెట్టి వేయండి. అసలు 302 ఇంజన్ అయితే కోడ్ చివర ‘డి-జడ్’ అనే రెండక్షరాలుంటాయి. పక్కన గానీ, బ్లాకు మీదే ఆయిల్ ఫిల్టర్ దగ్గర గానీ కారు విన్‌లోని చివరి అంకెలు ఉండాలి. ఆ అక్షరాల కింద లోహంలో సన్నటి సమాంతర గీతలు, దువ్వెనతో దువ్వినట్టు, ముందు నుంచి వెనక్కి ఉండాలి. ఫ్యాక్టరీ మెషీన్ వదిలిన గుర్తులవి. గీతలు లేకుండా నున్నగా ఉందంటే ఎవరో గ్రైండ్ చేసి మళ్లీ కొట్టారు. తుడవనివ్వను అని అమ్మే మనిషి అంటే, మీకు జవాబు దొరికినట్టే.

ఒకవేళ అక్కడ నిజమైన డి-జడ్ బ్లాకే ఉండి, విన్ మాత్రం వేరే బండిదైతే? అప్పుడు మామూలు కమారోలో అసలు జడ్/28 ఇంజన్ కూర్చుందన్నమాట. ఆ ఇంజన్‌కి విడిగా మంచి విలువ ఉంది. కారుకి అసలు రేటు రాదు, అయినా పూర్తిగా తీసిపారేయాల్సినదీ కాదు.

బాస్ విషయంలో ఈ తలనొప్పి చాలా తక్కువ. ఫోర్డ్ వాళ్లు విన్‌లోనే ఇంజన్ కోడ్ పెట్టారు. ఐదో స్థానంలో ‘జి’ ఉంటే బాస్ 302. మీరు పంపిన ఫొటోలో ఉంది. అదే నంబరు ముందు ఫెండర్ల లోపలి రేకుల మీద కూడా గుద్ది ఉంటుంది, అక్కడా చూసి సరిపోల్చుకోండి. మార్టి వాళ్ల దగ్గర 1967 నుంచి ఫోర్డ్ ఉత్పత్తి రికార్డులున్నాయి. ఆ కారు ఏ రంగులో, ఏ ఆప్షన్లతో, ఏ డీలర్‌కి వెళ్లిందో అందులో దొరుకుతుంది. అమ్మే మనిషి చూపించిన కాపీతో సరిపెట్టుకోకుండా మీరే విన్ ఇచ్చి కొత్తది తెప్పించుకోండి, ఖర్చు పెద్దదేం కాదు. జనరల్ మోటర్స్ నుంచి అమెరికాలో అమ్మిన కమారోలకి ఇలాంటి రికార్డు దొరకదు. ఈ ఒక్క తేడా వల్లే, కాగితాల్లేని జడ్/28 కంటే కాగితమున్న బాస్‌ని నేను ఎప్పుడూ ఒక మెట్టు పైనే పెడతాను.

మరి బ్లాకు మారిందిగా అంటారా? బాస్ 302ల్లో పిస్టన్ స్కర్టులు (పిస్టన్ కింది అంచులు) పగలడం అప్పట్లోనే పేరుపడ్డ జబ్బు. వారంటీలో కొత్త బ్లాకులు వేసిన కార్లు చాలా ఉన్నాయి, కాబట్టి వాళ్లు చెప్పే కథ నమ్మదగ్గదే. కానీ రేటులో మాత్రం దెబ్బ పడుతుంది. ఒరిజినల్ ఇంజన్ ఉన్న బాస్‌కీ దీనికీ మధ్య తేడా మీరు కొనేటప్పుడే తగ్గించుకోవాలి, ఎందుకంటే రేపు మీ దగ్గర కొనేవాడు తప్పకుండా తగ్గిస్తాడు. 74,000 నాకు ఎక్కువనిపిస్తోంది. ‘ఇది చాలా అరుదు’ అని వాళ్లు ఎన్నిసార్లు అన్నా కంగారు పడకండి. 1969 బాస్‌లు 1,600 చిల్లర మాత్రమే, అవి నిజంగా అరుదు. 1970లో 7,000 చిల్లర చేశారు.

అక్కడికి వెళ్లినప్పుడు ఒక లీటరు నీళ్ల బాటిల్ తీసుకెళ్లండి. ముందు అద్దం కింద, వైపర్ల దగ్గర గాలి వెళ్లే సందుల్లో మెల్లగా పోయండి. తర్వాత లోపల కాళ్లు పెట్టుకునే చోట కార్పెట్ కిందకి చెయ్యి దూర్చి చూడండి. తడి తగిలితే కౌల్ (అద్దం కింద ఉండే రేకు పెట్టె) తుప్పు పట్టింది. అది బాగుచేయాలంటే ముందు భాగమంతా విప్పాలి, బిల్లు వేలల్లో వస్తుంది. బానెట్ కింద షాక్ టవర్లలో (ముందు చక్రాల షాక్ అబ్జార్బర్లు బిగించే చోట్ల) పగుళ్లు, వెల్డింగ్ అతుకులు కూడా చూడండి. మిషిగన్ ఉప్పు రోడ్ల మీద యాభై ఏళ్లు బతికిన కారు ఇది. పైన రంగు చూసి మురిసిపోతే లాభం లేదు.

ఇప్పుడు అసలు చిక్కు. అది కార్లది కాదండీ, మీరు మీ ఆవిడకి చెప్పిన ‘ఇన్వెస్ట్‌మెంట్’ అనే మాటది.

ఈ కార్ల రేట్లు పెరిగిన సంవత్సరాలు ఉన్నాయి, పడిన సంవత్సరాలూ ఉన్నాయి. 2006 ప్రాంతంలో ఎగిరి, తర్వాత కూలాయి. కోవిడ్ తర్వాత మళ్లీ ఎగిరాయి, ఆ తర్వాత చల్లబడ్డాయి. వీటిని ఎగబడి కొన్న తరం, 1969లో పద్దెనిమిదేళ్ల కుర్రాళ్లు, ఇప్పుడు డెబ్బై దాటి కార్లు అమ్మేసే వయసులో ఉన్నారు. వాళ్ల మనవలకి ఇదే మోజు ఉంటుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. మంచి కాగితాలున్న కారు రేటు నిలబడుతుందని నా నమ్మకం. నిలబడటం వేరు, పెరగటం వేరు.

అందులోనూ మీరు లోను తీసి కొంటానంటున్నారు. 34,000 డాలర్ల మీద ఎనిమిది శాతం వడ్డీ అనుకుందాం. ఏడాదికి 2,700 పైనే. దానికి ఇన్సూరెన్సు, టైర్లు, ట్యూనింగ్, చలికాలం గ్యారేజీ కలపండి. కారు రేటు ఏడాదికి నాలుగు వేలు పెరిగినా మీకు మిగిలేది సున్నా. పెరగకపోతే ఆ డబ్బు మీ అమ్మాయి ఫీజు పక్కన కూర్చుని మిమ్మల్ని చూస్తూ ఉంటుంది. పైగా సొంత సరదాకి వాడుకున్న కారు నష్టానికి అమ్మితే ఆ నష్టాన్ని పన్నుల్లో చూపించుకోలేరు. లాభమొస్తే మాత్రం పన్ను కట్టాలి. మీ సీపీఏని (పన్నులు చూసే అకౌంటెంటుని) ఒక్కసారి అడగండి.

ఆవిడ నవ్వింది అందుకే. లెక్క చూసి కాకపోవచ్చు. మీ మొహంలో ఇన్వెస్ట్‌మెంట్ కనపడక, ఆటోనగర్ షెడ్డులో తిరిగిన పిల్లాడు కనపడి నవ్వి ఉంటుంది. ‘ఇది నా కోరిక, ఇంత డబ్బు దీనికి ఖర్చు పెడదామనుకుంటున్నాను, నీకు సరేనా’ అని అడిగితే ఆవిడ ఏమంటారో నాకు తెలియదు. కానీ ఆ ప్రశ్నకి జవాబు చెప్పగలరు. మొదటిదానికి నవ్వడం తప్ప ఏం చేయగలరు? ప్లాటు సంగతి నేను మాట్లాడను. అది మీ ఇద్దరి మధ్య, మీ మరదలి మధ్య వ్యవహారం. దానికీ లింకు డాక్యుమెంట్లు చూడమని మాత్రం చెబుతాను.

ఇక మీ ముందున్న దార్లు.

బాస్ కొనొచ్చు. నేనైతే 65,000 దగ్గర బేరం మొదలుపెడతాను, పరీక్షకి ఈ కార్లు తెలిసిన మనిషిని డబ్బులిచ్చి తీసుకెళ్తాను. రేపు అమ్మాలన్నా కొనేవాడితో వాదన ఉండదు. కానీ లోను తప్పదు. ఇంకో చిక్కు, అంత డబ్బు పెట్టాక దాన్ని బయటికి తీయాలంటే మీకే టెన్షన్. వాన చినుకు పడితే ఇంటికి పరుగు. ఇలా దుప్పటి కప్పి దాచుకున్న వాళ్లు నాకు చాలామంది తెలుసు.

ఆ కమారోనే కొనొచ్చు, అయితే అదేమిటో దానికి తగ్గ రేటుకి. శరీరం గట్టిగా ఉంటే, ఇంజన్ బాగా నడుస్తుంటే, నా అంచనాలో 40,000 చుట్టుపక్కల ఇవ్వొచ్చు. అంటే లోను అక్కర్లేదు. 63,000 నుంచి అంత కిందికి దిగడానికి అమ్మే మనిషి ఒప్పుకోకపోవచ్చు. ట్యాగు ఫొటో చూపించి, గొంతు పెంచకుండా, ఎక్స్ 11 అంటే ఏమిటో అడగండి. కోపం తెచ్చుకుంటే నమస్కారం పెట్టి వచ్చేయండి. కొన్నారా, మీరు మాత్రం అమ్మేటప్పుడు దాన్ని జడ్/28 అనకూడదు. బ్యాడ్జీలు తీసేస్తే ఇంకా మంచిది. ఇది పెరిగే కారు కాదు, కానీ నిశ్చింతగా తిప్పుకునే కారు. విడిభాగాలు దాదాపు అన్నీ కొత్తవి దొరుకుతాయి.

రెండూ వదిలేసి ఇంకో ఏడాది ఆగొచ్చు. అమ్మాయి చదువు ఖర్చు ఇంకా ఎంతుందో తేలుతుంది. చలికాలంలో, మిషిగన్‌లో ఎవరూ పాత కారు వైపు చూడని నెలల్లో, బేరాలు మెత్తగా ఉంటాయి. ఆగితే బాస్ చెయ్యిజారొచ్చు. అలాంటిది ఇంకోటి రాదని మాత్రం అనుకోకండి.

ఏది కొన్నా రెండు పనులు ముందే చూసుకోండి. ఇన్సూరెన్సు ‘అగ్రీడ్ వాల్యూ’ పాలసీయే (కారు పోతే ముందే ఒప్పుకున్న మొత్తం ఇచ్చేది) తీసుకోండి. మామూలు పాలసీలో 1970 కారుకి వాళ్లిచ్చే విలువ చూస్తే కన్నీళ్లొస్తాయి. మిషిగన్ హిస్టారిక్ ప్లేటు (పాత కార్లకిచ్చే నంబరు ప్లేటు) తీసుకుంటే షోలకి, పరేడ్లకి, క్లబ్బు కార్యక్రమాలకి మాత్రమే తిప్పాలి, ఆగస్టు నెలలో ఎటైనా వెళ్లొచ్చు. రోజూ ఆఫీసుకి తీసుకెళ్దామనుకుంటే మామూలు ప్లేటే ఉంచుకోండి. వుడ్‌వర్డ్ జాతర ఎలాగూ ఆగస్టులోనే.

ఉత్తరంలో మీరు అడగని విషయం ఒకటి చెబుతాను. 302 ఇంజన్లు రెండిట్లోనూ ట్యాపెట్లు హైడ్రాలిక్ (ఆయిల్ ఒత్తిడితో తమంతట తామే సర్దుకునే రకం) కావు, పాతకాలం పద్ధతి. అప్పుడప్పుడూ వాల్వ్ కవర్లు విప్పి, ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్నటి రేకు) పెట్టి, ఒక్కోటి చేత్తో సెట్ చేయాల్సిందే. ఆ సందు షెవర్లేకి అంగుళంలో వెయ్యో వంతులు ముప్పై, బాస్‌కి ఇరవై ఐదు. సరిగ్గా సెట్ చేసినా సన్నగా టకటకమని కొట్టుకుంటూనే ఉంటాయి. వదులైనది ఏదో శబ్దంలోనే తెలిసిపోతుంది. మళ్లీ చూడటానికి వెళ్లినప్పుడు రెండు కార్లూ స్టార్ట్ చేయించి, బానెట్ మూయకుండా, కాస్త దూరంగా నిలబడండి. అమ్మే మనిషిని ఐదు నిమిషాలు మాట్లాడకుండా ఉండమనండి. కుదిరితే మీ ఆవిడని కూడా తీసుకెళ్లండి.